‘గోదావరి’కి ఏ బూడిదరంగు?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. మీ తాతగారు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాయల్ ఇండియన్ నేవీ వారి ‘గోదావరి’ అనే యుద్ధనౌకలో స్టోకరుగా, అంటే బాయిలర్ల దగ్గర పనివాడిగా, పనిచేశారు. మీరు ఆ నౌక కోవకే చెందిన బ్లాక్ స్వాన్ తరగతి నౌక మోడల్ కిట్ ఒకటి, ముక్కలు అతికించి చేసుకునేది, 1/350 నిష్పత్తిలో తెప్పించుకున్నారు. దాన్ని 1944 నాటి గోదావరిగా మలచాలని మీ కోరిక. ఇంటర్నెట్‌లో ఒక బొమ్మలో ఆ నౌక లేత నీలంగా ఉంది, ఇంకొకదానిలో సీసం రంగులో ఉంది, మూడోదానిలో దాదాపు తెల్లగా ఉంది. ఇంట్లో ఉన్నది తాతగారు కమ్మీ పట్టుకుని నిలబడిన ఒక్క నలుపు తెలుపు ఫోటో. ఏ రంగు సీసా కొనమంటారు అని అడిగారు.

సీసా సంగతి తరువాత. మీరు విశాఖలోనే ఉంటానన్నారు కాబట్టి ముందు ఒక పని చేయండి. బీచ్ రోడ్డు ఎదురుగా అప్పుడప్పుడు యుద్ధనౌకలు నిలిచి ఉంటాయి. పొద్దున్న ఆరున్నరకు ఒకసారి వెళ్ళి చూడండి. మనకు సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. వెలుగు నౌక వెనక ఉంటుంది కాబట్టి అది బొగ్గుముక్కలా కనిపిస్తుంది. అదే నౌకను సాయంత్రం నాలుగింటికి చూడండి. ఎండ మన వీపు మీదుగా పోయి దాని పక్కన పడుతుంది, అప్పుడు సున్నం వేసిన గోడలా ఉంటుంది. మబ్బు పట్టిన రోజు నీలం తిరుగుతుంది. మధ్యలో ఎవరూ దానికి రంగు మార్చలేదు. ఓడల మరమ్మతు యార్డులో రంగుల విభాగంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, నా చేత్తో కలిపిన రంగును ఇంటికి వచ్చే దారిలో గుర్తుపట్టలేకపోయిన రోజులు నాకు ఉన్నాయి. మీరు చూసిన మూడు బొమ్మలూ ఒకే రంగువి అయినా ఆశ్చర్యం లేదు.

అందువల్ల ‘గోదావరి రంగు ఏది’ అన్న ప్రశ్నను కొంచెం మార్చుకోవాలి. ఏ గోదావరి, ఏ నెలలో, ఏ రేవులో రంగు వేసుకున్న గోదావరి?

ఏ గోదావరి అన్నది ఉత్త మాట కాదు. వెతికితే మీకు ఎక్కువగా దొరికే రంగు ఫోటోలు ఐ.ఎన్.ఎస్. గోదావరివి. అది 1983లో నౌకాదళంలో చేరి 2015లో విరమించిన ఫ్రిగేట్. తాతగారి నౌకకూ దానికీ పేరు తప్ప సంబంధం లేదు. తాతగారి గోదావరిని ఇంగ్లండులో సౌతాంప్టన్ దగ్గర థోర్నీక్రాఫ్ట్ యార్డులో కట్టారు, 1943లో కొలువులో చేరింది, దాని గుర్తు సంఖ్య యు52. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దగ్గర ఫిండ్‌హార్న్ అనే బ్రిటిష్ నౌకతో కలిసి యు-198 అనే జర్మన్ జలాంతర్గామిని ముంచింది. దేశ విభజనలో ఆ నౌక పాకిస్తాన్ వాటాకు పోయి ‘సింధ్’ అయింది. ఆంధ్రదేశపు రెండు పెద్ద నదుల పేర్లు మోసిన నౌకల్లో మనకు మిగిలింది కృష్ణ. తెల్లవాళ్ళు దాన్ని ‘కిస్ట్నా’ అని రాసేవారు, పాత కాగితాల్లో జిల్లా పేరు రాసినట్టే. పత్రాలు వెతికేటప్పుడు ఈ పాత వర్ణక్రమంతో కూడా వెతకండి. కావేరి, నర్మద కూడా దాదాపు తోబుట్టువులే. నర్మదను ‘నర్బదా’ అని రాశారు. గోదావరి ఫోటో దొరకని చోట తోబుట్టువుల ఫోటోలు పద్ధతి చెబుతాయి. అచ్చంగా ఆ రంగులే అని మాత్రం అనుకోకూడదు.

ఇక కాగితాలు. బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపిన కార్యాలయం అడ్మిరల్టీ. ఏ రంగు ఎక్కడ వేయాలో అది ఆజ్ఞల రూపంలో పంపేది. వాటితో పాటు నౌకల మరుగువేషం, అంటే కామఫ్లాజ్, గురించి 1943లో సి.బి. 3098 అనే రహస్య పుస్తకం వెలువరించింది, 1945లో దాన్ని సవరించింది. మీ నౌక 1943లో పుట్టింది కాబట్టి మీకు పనికొచ్చేవి ఆ పుస్తకం నాటి రంగులు. వాటి పేర్లు చూడటానికి పొడిపొడిగా ఉంటాయి: జి5, జి10, జి20, జి45, బి15, బి20, బి30, బి55. కానీ ఆ పేరులోనే సగం సమాధానం ఉంది. అక్షరం పక్కన ఉన్న అంకె ఆ రంగు తన మీద పడిన వెలుగులో ఎంత శాతాన్ని తిప్పి పంపుతుందో చెబుతుంది. బి20 అంటే నూటికి ఇరవై. బి55 అంటే నూటికి యాభై అయిదు. ఎనభై ఏళ్ళ తరువాత అసలు రంగు పెచ్చు ఒక్కటి కూడా చేతిలో లేకపోయినా, అది ఎంత లేత, ఎంత ముదురు అన్నది మనం కొలిచి తేల్చుకోవచ్చు. ఇంత మేలు ఇంకే దేశపు నౌకాదళమూ మనకు చేసినట్టు నేను చూడలేదు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చాలామంది పడ్డారు. అంతకు ముందరి వరుసలో కూడా బి5, బి6 అనే రంగులు ఉన్నాయి. ఆ అంకెలు వెలుగు శాతాలు కావు, ఉత్త క్రమసంఖ్యలు. బి5 అంటే నూటికి అయిదని లెక్క వేసుకుని ఓడను కాటుక పూసినట్టు చేసిన మిత్రుడు ఒకరు నాకు ఉన్నారు.

ఇంకా వెనక్కు వెళితే 507ఏ, 507బి, 507సి అనే పాత బూడిద రంగులు వస్తాయి. ఏ ముదురు, సి లేత. ఈ రెంటి గురించి తగువు లేదు. ముదురు బూడిద ఇంగ్లండు చుట్టుపక్కల నౌకలకు, లేతది మధ్యధరా, తూర్పు సముద్రాల నౌకలకు. బి ఏమిటి? దశాబ్దాల పాటు మోడల్ పుస్తకాలన్నీ అది నడిమి బూడిద అనే రాశాయి, రంగుల కంపెనీలు అలాగే సీసాలు నింపాయి. పాత ఆజ్ఞలను మళ్ళీ తిరగేసినవాళ్ళు ఇప్పుడు చెబుతున్నది వేరు. ఏ, బి రెండూ ఒకే ఛాయ, బిలో నిగారింపు కోసం ఎనామిల్ కలిపారు, అంతే. నాకు ఈ వాదనే సబబుగా తోస్తుంది. గోదాములో ఒకే ఛాయకు రెండు పేర్లు ఉండటం నేను రోజూ చూసిన సంగతి, నిగనిగలాడేది ఒకటి, మాసినట్టుండేది ఒకటి. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు రెండు డబ్బాలు చూసి రెండు రంగులనుకునేవారు. ఈ తగువు మీ నౌకకు అక్కరలేదు గానీ, సీసా మీద పేరు ఉన్నంత మాత్రాన లోపలి రంగు చరిత్ర కాదని తెలియడానికి చెప్పాను.

ఇతర దేశాల పద్ధతులు మీకు ఇప్పుడు అవసరం లేదు. ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అమెరికన్లు ఒకే తెల్ల రంగులో ఒకే నీలి ముద్దను వేర్వేరు కొలతల్లో కలిపి బూడిదలన్నీ తయారు చేశారు. జపాన్ వాళ్ళకు కూరే, ససెబో, మైజురు ఆయుధాగారాల్లో ఒక్కోచోట ఒక్కో బూడిద. తరువాత మన దేశానికి వైస్రాయిగా వచ్చిన మౌంట్‌బాటెన్ 1940లో తన డిస్ట్రాయర్లకు గులాబీ తిరిగిన బూడిద వేయించాడు, బూడిదలో ఎర్రమన్ను లాంటి రంగు కలిపి. సాయంసంధ్యలో ఓడ కనబడదని ఆయన నమ్మకం. మోడల్ చేసేవాళ్ళకు ఆ గులాబీ అంటే చెప్పలేని మోజు. గోదావరికి మాత్రం వేయకండి.

ఇక మీ ఇంట్లోని ఫోటో దగ్గరకు వద్దాం. మీ ఆస్తి అదే.

పాత పెళ్ళి ఫోటోలు తీసి చూడండి, 1940ల నాటివి. పెళ్ళికూతురి కుంకుమబొట్టు నల్లగా, కాటుకతో దిద్దినట్టు ఉంటుంది. పెదవులు కూడా నల్లబడతాయి. ఆర్థోక్రొమాటిక్ ఫిలిం ఎరుపును చూడలేదు, దానికి ఎరుపు అంటే చీకటి. నీలం మాత్రం వెలుగులా కనిపిస్తుంది. పాంక్రొమాటిక్ ఫిలిం అన్ని రంగులనూ కొంతవరకు చూస్తుంది. ఆ రోజుల్లో రెండు రకాలూ వాడుకలో ఉన్నాయి. నీలం మొగ్గిన బూడిదను మొదటి రకం ఫిలిం ఉన్నదానికంటే లేతగా చూపిస్తుంది, రెండోది కొంచెం నిజం చెబుతుంది. కాబట్టి నౌక ఫోటో చేతికి వస్తే ముందు జెండా కోసం వెతకండి. రాయల్ ఇండియన్ నేవీ నౌకలు వెనకభాగంలో తెల్ల ఎన్సైన్ ఎగరేసేవి. తెల్లబట్ట మీద ఎర్ర శిలువ, మూలన బ్రిటిష్ జెండా. ఆ శిలువ కటిక నలుపులో ఉండి, మూలన ఉన్న నీలం లేతబారి ఉంటే, ఆ ఫిలిం ఎరుపు చూడలేనిది. అలాంటి ఫోటోలో నౌక ఎంత లేతగా కనిపించినా నమ్మకండి.

తాతగారి ఫోటోలో జెండా లేదన్నారు. పరవాలేదు, టోపీ ఉంది కదా. ఉతికిన తెల్లబట్ట ఎండలో ముప్పాతిక వంతు పైగా వెలుగును తిప్పి పంపుతుంది. కాళ్ళకు నల్ల బూట్లు ఉంటే అవి రెండో కొస. వెనక ఉన్న ఇనుప గోడ ఈ రెంటి మధ్య ఎక్కడ పడుతోంది? టోపీకి దగ్గరగా ఉంటే బి55, జి45 లాంటి లేత రంగు, బూట్ల వైపు జరిగి ఉంటే బి20, బి15 లాంటిది. టోపీ మీద పడిన ఎండే గోడ మీద కూడా పడుతూ ఉండాలి. గోడ నీడలో ఉంటే ఈ లెక్క చెల్లదు. పాత అచ్చులో నలుపు తెలుపులు లెక్క ప్రకారం దిగవు కాబట్టి శాతం తేల్చలేరు, కానీ ఈ రెండు గుంపుల్లో ఏదో తేలుతుంది. మీకు కావలసింది అదే, ఎందుకంటే ఎంచుకోవలసిన రంగులే గుప్పెడు.

ఫోటోకు తేదీ కట్టడం ఇంకొక పని. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం తన నౌకాదళ ఫోటోలను ఇంటర్నెట్‌లో పెట్టింది. చిత్రం కింద రాసిన తేదీని గుడ్డిగా తీసుకోకుండా నౌక మీది ఆనవాళ్ళతో సరిచూడండి: రాడార్ స్తంభం, చిన్న తుపాకుల స్థానాలు, పక్కన రాసిన గుర్తు సంఖ్య. కాగితాలు కావాలంటే బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో అడ్మిరల్టీ దస్త్రాలు ఉన్నాయి. మన జాతీయ అభిలేఖాగారం వారి ‘అభిలేఖ్ పటల్’ వెబ్‌సైటులో కూడా వెతకండి. ఇంకొక జాగ్రత్త. ఆ కాలపు మరుగువేషాల్లో నౌక ఎడమ పక్క ఒక నమూనా, కుడి పక్క ఇంకొకటి. ఒక పక్క ఫోటో చూసి రెండో పక్కకు అద్దంలో బొమ్మలా దింపేస్తే తప్పు. యుద్ధం చివరి దశలో ఈ తికమక నమూనాలు తగ్గి, మొత్తం లేత బూడిద వేసి నౌక మధ్యభాగంలో ముదురు బి20 పలక ఒక్కటి పెట్టే సాదా పద్ధతి వచ్చింది. ఇంగ్లండు యార్డులో వేసిన మొదటి వేషం, హిందూ మహాసముద్రంలో తిరిగాక రేవులో ఉన్న సరుకుతో వేసుకున్న రెండో వేషం ఒకటే అయి ఉండాలని లేదు. అందుకే ఏ నెల అని అడిగాను.

కంప్యూటర్‌తో రంగులద్దిన ఫోటోల జోలికి పోకండి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ఏడెనిమిదేళ్ళ కిందట నేను పాత క్రూయిజర్ ‘ఢిల్లీ’ మోడల్ చేశాను. 1939 డిసెంబరులో రివర్ ప్లేట్ దగ్గర జర్మన్ నౌకతో పోరాడిన ‘అకిలీస్’నే 1948లో మన నౌకాదళం తీసుకుని ఢిల్లీ అని పేరు పెట్టింది. రంగులద్దిన చక్కని ఫోటో ఒకటి దొరికింది. ఆకుపచ్చ తిరిగిన నీలి బూడిద, కళ్ళు చెదిరేలా ఉంది. వారం రోజులు కూర్చుని ఆ ఛాయ పట్టుకున్నాను. ప్రదర్శనలో పెడితే ఆ నౌకలో పనిచేసిన పెద్దాయన ఒకరు వచ్చారు. చాలాసేపు వంగి చూశారు. తాళ్ళు, పడవలు, టరెట్లు అన్నీ బాగున్నాయన్నారు. చివరికి, “నాయనా, దీన్ని గోకడానికి ఎంతమందిని పెట్టావు? మేము ఇంత నాచు పట్టనిచ్చేవాళ్ళం కాదే” అన్నారు. కంప్యూటర్‌కు ఆ నౌక తెలియదు, సముద్రం తెలుసు. పక్కన ఉన్న నీళ్ళ రంగునే ఇనుముకు పూసింది.

ఇప్పుడు అసలు రంగు పెచ్చుల గురించి. ‘ఆ కాలపు ఇనుప ముక్క దొరికితే చాలు కదా’ అని మీరు అనుకోవచ్చు. ఒకసారి ఆటోనగర్ పాత ఇనుము కొట్లో ఏదో ఓడ నుంచి ఊడదీసిన చిన్న తలుపు దొరికింది. తూకానికి కొన్నాను. దాని మూల దగ్గర రూపాయి బిళ్ళంత మేర నీళ్ళు చల్లుతూ, సన్నని గరుకు కాగితంతో గుండ్రంగా, మధ్యలో లోతు ఎక్కువయ్యేలా రుద్దాను. అరగంటకు చెట్టు మొద్దు కోసినట్టు వలయాలు తేలాయి. పైన తెలుపు, కింద లేత బూడిద, దాని కింద మళ్ళీ తెలుపు, తరువాత ముదురు బూడిద మూడు పూతలు, అన్నిటికంటే అడుగున నారింజ రంగులో సిందూరం. అవును, ఆంజనేయస్వామికి పూసే సిందూరమే. దాన్నే మేము యార్డులో రెడ్ లెడ్ అంటాము, ఇనుము తుప్పు పట్టకుండా వేసేవాళ్ళు. ఆ ముదురు బూడిద చూస్తే ఆలివ్ ఆకులా పచ్చగా ఉంది. నేను సంబరపడి ఒక రంగు కలిపేసుకున్నాను కూడా. ఆ తలుపును కిటికీ దగ్గర పెట్టి మరిచిపోయాను. నెల తిరిగేసరికి ఆ వలయంలోని పచ్చదనం సగం విరిగి, నీలి బూడిద బయటపడింది.

పాత నౌకల రంగులో బంకగా ఉండేది అవిసె నూనె. వెలుతురు లేని చోట, పై పూతల కింద, ఆ నూనె పసుపు తిరుగుతుంది. నీలి బూడిద మీద పసుపు తెర వేస్తే కంటికి ఆకుపచ్చ అనిపిస్తుంది. వెలుతురు తగిలితే ఆ పసుపు కొంత విరుగుతుంది. పెట్టెల్లో, దస్త్రాల్లో దశాబ్దాల పాటు దాగిన రంగు అట్టలకు కూడా ఇదే గతి. అలాంటి అట్టను చూసి ఎవరో సీసా నింపితే అది పసుపు పట్టిన రంగుకు నకలు అవుతుంది. ఆ నౌక వేసుకున్న రంగు కాదు.

మ్యూజియంలో ఉన్నవాటికి కూడా ఇదే మాట. ఆర్.కె. బీచ్‌లో కుర్సురా ఉంది, 1969లో కొలువులో చేరిన జలాంతర్గామి, 2002 నుంచి మ్యూజియం. ఆకారం, గొట్టాలు, మూతలు, అతుకులు నేర్చుకోవడానికి దానిని మించిన బడి మన ఊళ్ళో లేదు. రంగుకు మాత్రం సాక్ష్యం కాదు. ఒడ్డున ఉప్పుగాలికి నిలబెట్టడానికి మళ్ళీ మళ్ళీ వేసిన పూత అది. అలాగే రంగు చూసి వద్దామని కెమెరాతో డాక్‌యార్డు గోడల వైపు వెళ్ళకండి. అక్కడ ఫోటోలు నిషేధం, కాపలావాళ్ళకు మీ మోడల్ గురించి వివరించడం అంత తేలిక కాదు.

సరే, కలపడం. మీకు రెండు రంగులు కావలసి వస్తాయనుకుందాం, బి20, బి55. విదేశీ సీసాల్లో ఎనామిల్, లాకర్ రకాలు మండే సరుకు కాబట్టి విమానంలో రావడం కష్టం. నీటి రకాలు వస్తాయి గానీ ధర కంటే కొరియర్ ఖర్చు ఎక్కువ. నేను చాలాకాలంగా మన దగ్గర దొరికే ఆర్టిస్ట్ అక్రిలిక్ ట్యూబులతోనే కలుపుతున్నాను. టైటానియం తెలుపు, లాంప్ బ్లాక్, అల్ట్రామెరైన్ నీలం చాలు. లాంప్ బ్లాక్, అంటే దీపం మసి, తెలుపులో పడితే దానంతట అదే చల్లని నీలి బూడిద ఇస్తుంది. ఐవరీ బ్లాక్ తీసుకుంటే కొంచెం గోధుమ వైపు లాగుతుంది, దాన్ని వదిలేయండి. నీలం పుల్ల కొసతో వేయండి, గరిటెతో కాదు. అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది కాబట్టి తడి రంగు చూసి తీర్పు చెప్పకండి. అట్టముక్క మీద రాసి, ఆరాక చూడండి.

కొలత ఎలా? ఫోటోగ్రాఫర్లు వాడే 18 శాతం గ్రే కార్డు కొనండి, కెమెరా దుకాణాల్లో దొరుకుతుంది. బి20 నూటికి ఇరవై, కార్డు పద్దెనిమిది. మీరు కలిపిన బి20 ఆ కార్డు పక్కన పెడితే వెంట్రుకవాసి లేతగా ఉండాలి. కంటికి నీలం అడ్డొస్తుంది కాబట్టి రెంటినీ కలిపి ఫోనుతో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. కార్డు అంచు ఎక్కడుందో పోల్చుకోవడం కష్టమైతే మీరు దగ్గరకు వచ్చినట్టే. నేను మొదటిసారి ఇలా చూసినప్పుడు, బాగా కుదిరిందనుకున్న బి20 కార్డు పక్కన తారులా ఉంది. అంతకుముందు చేసిన మూడు నౌకలూ అలాగే ఉన్నాయని అప్పుడు తెలిసింది. బి55కు బి20కి మధ్య కెమెరా లెక్కలో ఒకటిన్నర స్టాపు తేడా రావాలి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు).

కంప్యూటర్ తెర మీద లెక్క వేసేవాళ్ళు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. నూటికి ఇరవై అంటే 255లో అయిదో వంతు, అంటే 51 అనుకుంటారు. తెర అంకెలు కంటి స్వభావానికి తగ్గట్టు వంచి ఉంటాయి, వెలుగుతో నేరుగా నడవవు. 20 శాతం వెలుగు తెర మీద 124 దగ్గర పడుతుంది, 55 శాతం 196 దగ్గర. 51 పెట్టి చూస్తే బొగ్గు. ఇంటర్నెట్‌లో తిరిగే కొన్ని రంగు పట్టికలు అంత చీకటిగా ఉండటానికి కారణం ఇదేనని నా అనుమానం.

పూర్ణా మార్కెట్ హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్ళి ‘డి.ఏ. గ్రే’ అడగండి, పావులీటరు డబ్బా ఇస్తారు. మోటార్లకు, పంపుసెట్లకు, షెడ్ల తలుపులకు వేసే రంగు. డి.ఏ. అంటే డార్క్ అడ్మిరల్టీ అని కొట్టువాళ్ళలో చాలామందికి తెలియదు. భారత ప్రమాణం ఐ.ఎస్. 5లో దాని సంఖ్య 632. బ్రిటిష్ ప్రమాణం 381సిలో కూడా అదే సంఖ్య, అక్కడి నుంచే వచ్చింది. బ్రిటిష్ నౌకాదళపు పేరు మన పొలాల్లో పంపుసెట్ల మీద బతుకుతోందన్న మాట. ఈ పేరు చూసి మురిసిపోయి దాన్ని గోదావరికి వేయకండి, సి.బి. 3098 రంగుల వరుస వేరు. పనికిరాని ముక్కలకు వేసి మరకలు ఎలా పడతాయో సాధన చేయడానికి మాత్రం చవకలో బాగుంటుంది.

కలిపిన రంగును ట్యూబులైటు కింద ఒప్పుకోకండి. పగలు పది గంటలకు, ఉత్తరపు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట చూడండి. ఎల్.ఇ.డి. కింద కవలల్లా ఉన్న రెండు బూడిదలు పగటి వెలుగులో విడిపోవడం రోజూ జరిగేదే.

బొమ్మ చిన్నది కాబట్టి రంగు లేత చేయాలా అన్నది మీ తరువాతి ప్రశ్న అవుతుంది. 1/350 మోడల్‌ను అరమీటరు దూరం నుంచి చూడటం అసలు నౌకను 175 మీటర్ల నుంచి చూడటంతో సమానం. 175 మీటర్లలో గాలి ఎంత తెర కడుతుంది? ఆర్.కె. బీచ్ నుంచి ఆ దూరంలో ఉన్న చేపల పడవను చూడండి, రంగు ఏమీ వెలసిపోదు. కొందరు నాలుగో వంతు తెలుపు కలిపేస్తారు. నాకు నచ్చదు, శాతాలు కొలిచి అంత శ్రమపడి చివర్లో దానిమీద పాలు పోసినట్టు ఉంటుంది. ముదురు రంగుల్లో ఒక చుక్క తెలుపు, లేత రంగులను ముట్టుకోకపోవడం నా పద్ధతి. ఎండకు సుద్దలా తేలిన చోట్లు చూపించాలంటే ఆ పని పైపూతలో, పలకలు పలకలుగా చేయండి.

మిగిలినవి త్వరగా చెబుతాను. డెక్ రంగు పక్కగోడల రంగు కాదు, ముదురు ఉండాలి. కొన్ని బ్రిటిష్ నౌకల డెక్ మీద ‘సెమ్‌టెక్స్’ అనే పరుపు వేసేవారు. పేరు చూసి భయపడకండి, అదే పేరున్న పేలుడు పదార్థానికీ దీనికీ సంబంధం లేదు. నీటి గీత దగ్గర నల్ల పట్టీ. నీటి కింద భాగంలో పెంకు జీవులు పట్టకుండా వేసే విషపు రంగుల్లో రాగి ఆక్సైడ్ ఉంటే ఎరుపు దానివల్లే. ఆ ఎరుపు ఇటుక ఎరుపు, కుంకుమ ఎరుపు కాదు. తుప్పు గీతలు లంగరు గొట్టం కింద, నీళ్ళు కారే రంధ్రాల కింద ఉంటాయి. ఓడంతా తుప్పు కారిస్తే ఆ నౌకలో డెక్ పనులు చూసే బోసున్ లేనట్టే.

తాతగారు ‘మాది నీలం ఓడ’ అనేవారని రాశారు. చాలామంది పరిశోధకులు జ్ఞాపకాలను పక్కన పడేస్తారు. నేను పూర్తిగా పడేయను. ఛాయ ఏదో చెప్పడానికి అరవై ఏళ్ళ తరువాతి జ్ఞాపకం పనికిరాదు, నిజమే. కానీ బూడిద ఓడలు బారులు తీరిన రేవులో ఒక స్టోకరు తన ఓడను నీలం అన్నాడంటే, పక్కవాటితో పోలిస్తే అది నీలంగా ఉందన్న మాట. బి వరుస రంగులు నీలం వైపే మొగ్గుతాయి. కనుక జి45, బి55 మధ్య మీకు ఎటూ తేలకపోతే ఆయన మాట మీద బి55 వైపు జరగడంలో తప్పు లేదు. రంగు వేసింది కూడా వాళ్ళే కదా. ‘కమ్మీల వెనక ఎవరూ వేసేవాళ్ళం కాదు’, ‘బాయిలరు గది మూతకు వేరే రంగు ఉండేది’ లాంటి మాటలు ఏవైనా ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే రాసిపెట్టుకోండి, అవి ఏ ఆజ్ఞలోనూ దొరకవు.

ఫోటోను స్కాన్ చేయించేటప్పుడు రంగు సవరణ, మెరుగులు అన్నీ ఆపేయమని చెప్పండి. టోపీ, బూట్లు, వెనక గోడ మూడూ పడేలా పూర్తిగా చేయించి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. అట్ట నుంచి ఊడదీసే ముందు వెనక వైపు పెన్సిల్‌తో ఏమైనా రాసి ఉందేమో, స్టూడియో ముద్ర ఏ ఊరిదో చూడండి. బొంబాయి అని ఉంటే ఒక లెక్క, కొలంబో అని ఉంటే ఇంకొక లెక్క.